ముందు ఎదుటోని మాట

మా ఫిలాసఫీ మేడమ్ పోయారు. ఆ ఉదయం కాలేజీకి వెళుతూ బాచుపల్లి చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా ఆమె భర్త ఫోన్ చేశారు. "మీ మేడమ్ ఇగ లేదు సార్" అన్నారు. ఏమనాలో తోచక "ఎప్పుడండీ?" అన్నాను. "ఇప్పుడే. చాయ్ తాగింది, జర పండుకుంట అన్నది, అంతే" అన్నారు. వెనక నుంచి హారన్లు మోగుతున్నాయి. బండి పక్కకు లాగి, హెల్మెట్ తీయకుండానే ఏడ్చాను. హెల్మెట్ వల్ల ఇంకో ఉపయోగం కూడా ఉందని ఆ రోజే తెలిసింది.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని పాత విద్యార్థులు అడిగారు. "గొప్పగా రాయండి సార్" అని మరీ చెప్పారు. గొప్పగా రాస్తే ఆమె ఊరుకునే మనిషి కాదు. "ఎవరి గురించి తమ్మీ గిదంత?" అని అడిగేవారు. అందుకని, ఆమె ఉద్యోగం చివరి ఏడాది మా బి.ఎ. ఫిలాసఫీ నిబంధనలు మార్చినప్పుడు ఏం జరిగిందో, అది జరిగినట్టే చెబుతాను. ఆమె ఎలాంటి మనిషో అందులోనే తెలుస్తుంది.

ఆమెది కోకాపేట. ఔటర్ రింగ్ రోడ్డు రాకముందు, ఈ అద్దాల మేడలు లేవకముందు, అదొక ఊరుగా ఉన్నప్పటి నుంచీ వాళ్ల కుటుంబం అక్కడే ఉంది. వాళ్ల నాయన జొన్న వేసిన చోట ఇప్పుడు మెడ నొప్పి పుట్టేలా తలెత్తినా పై అంతస్తు కనిపించని భవనాలున్నాయి. ఆ సంగతి ఎత్తి నేను బాధగా మొహం పెడితే, "ఎండకాలం మా ఇంటి మీద నీడ మంచిగ పడుతది" అనేవారు. పోయినదాన్ని తలుచుకుని నిట్టూర్చడం ఆమెకు చేతకాదు. ఆమె పోయిన రోజు నేను వెళ్లేసరికి ఆమెను ఇంటి ముందు రేకుల కింద పడుకోబెట్టి ఉన్నారు. గేటు దగ్గర ఇద్దరు పాత విద్యార్థులు గుసగుసగా వాదించుకుంటున్నారు. "నేనన్నది అది కాదురా. ముందు నేనేమన్ననో చెప్పు" అంటున్నాడు ఒకడు. ఆమె భర్త ఎర్రబడ్డ కళ్లతో వాళ్ల వైపు చూసి, "ఈడ గూడ షురు జేసిన్రు" అన్నారు. అంత దుఃఖంలోనూ మాకు నవ్వు వచ్చింది.

అది ఆమె నేర్పిన పద్ధతే. నాకైతే మొదట్లో చెంపదెబ్బలా తగిలింది. గోదావరి జిల్లా నుంచి పట్టా పట్టుకుని ఉద్యోగానికి వచ్చినప్పుడు నన్నొక పాఠం చెప్పి చూపించమన్నారు. నేను చార్వాకులను ఎంచుకున్నాను. కంటికి కనిపించేదే నిజమన్నవాళ్లు కదా, తిట్టడం తేలిక. ఆవేశంగా చీల్చి చెండాడాను. ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. వెనక బెంచీలో కూర్చున్న మేడమ్ మాత్రం నెమ్మదిగా అడిగారు: "మంచిగ తిట్టినవ్ తమ్మీ. ఇంతకు వాళ్లేమన్నరు?"

నిజంగానే నేను చెప్పలేదు. ఉద్యోగం ఇచ్చారు గానీ, మొదటి నెలంతా ఆమె మీద కోపంగానే తిరిగాను. నాకు ఓపిక తక్కువ. వాదనలో ఎదుటివాడు ఊపిరి పీల్చుకునే లోపు జవాబు చెప్పేసే రకం.

ఒక వాదాన్ని ఖండించే ముందు దాన్ని పూర్తిగా, బలంగా చెప్పాలని మన శాస్త్రాల్లో ఉన్నదే. దాన్నే పూర్వపక్షం అంటారు. అందరం పాఠంలో ఆ మాట చెప్పి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అడిగి వదిలేస్తాం. మేడమ్ దాన్ని మనుషుల మధ్యకు తెచ్చారు. ఆమె క్లాసులో ఎవరి మాటనైనా కాదనాలంటే, ముందు ఆ మనిషి ఎదురుగా నిలబడి ఆ మాటను తిరిగి చెప్పాలి. వాళ్లు "అవును, అదే నా మాట" అనాలి. అప్పటిదాకా నీ మాట మొదలుపెట్టడానికి వీల్లేదు. "ఎదుటోని మాట నీ నోట్లె చెడిపోవద్దు" అనేవారు.

ఒకసారి క్లాసులో, అపార్టుమెంట్లలో డెలివరీ వాళ్లను లిఫ్టు ఎక్కనివ్వాలా వద్దా అన్న చర్చ పెట్టారు. బోరబండ నుంచి వచ్చే ఒక అమ్మాయి అంతెత్తున లేచింది. వాళ్లన్న ఆ పనే చేస్తాడు. భోజనం సంచి భుజాన వేసుకుని పదకొండో అంతస్తుకు మెట్లెక్కి మోకాళ్లు పట్టుకుని కూర్చున్న రోజులున్నాయట. మేడమ్ ఆమెనే ముందుకు పిలిచి, వద్దనేవాళ్ల మాట చెప్పమన్నారు. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చెప్పింది. మొదట వెటకారంగా చెప్పింది. గేటెడ్ కమ్యూనిటీ నుంచి వచ్చే కుర్రాడొకడు "కాదు" అన్నాడు. మళ్లీ చెప్పింది. చివరికి, ఇంట్లో ముసలమ్మ ఒంటరిగా ఉంటుందనీ, లిఫ్టులో ఎవరు ఎక్కుతున్నారో తెలియక భయమనీ, ఆ భయానికి ఆ మనుషులను తప్పుపట్టడం తనకూ ఇష్టం లేదనీ, ఇంత మాట ఆ కుర్రాడి తరఫున తనే అంది. కుర్రాడు చిన్నగా "అవును, అదే" అన్నాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి తన జవాబు చెప్పింది. ఆ కుర్రాడు వాళ్ల కమ్యూనిటీ సంఘం సమావేశానికి వెళ్లి ఆ జవాబు అక్కడ చెప్పాడని తర్వాత విన్నాను.

ఆమెకు క్లాసు బయట కూడా ఇదే ధోరణి. ఓసారి నా బండి వెనక హెల్మెట్ లేకుండా కూర్చుని వస్తుంటే కానిస్టేబుల్ ఆపాడు. నేను బతిమాలబోయాను. మేడమ్ అడ్డుపడి, హెల్మెట్ ఎందుకుండాలో, లేకపోతే అతనికి పై నుంచి ఏం చీవాట్లు పడతాయో అంతా వివరంగా చెప్పారు. "గంతే గదా సార్ మీరనేది?" అన్నారు. అతను సంతోషంగా "అంతే మేడమ్" అన్నాడు. "మరి రాయుండ్రి చలాన్" అన్నారు. రాశాడు. కట్టింది నేను.

ఈ పద్ధతినే ఆమె డిగ్రీలో ఒక నిబంధనగా పెట్టించారు. చివరి సంవత్సరంలో ప్రతి విద్యార్థీ సంవాద పరీక్ష ఇవ్వాలి. ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. అతని మాట అతను ఒప్పుకునేలా చెప్పి, ఆ తర్వాత ఖండించాలి. అది పూర్తికాకపోతే పట్టా రాదు. ఆమె ఉద్యోగ జీవితమంతా ఒక ఎత్తు, ఆ పరీక్ష ఒక ఎత్తు.

బోరబండ అమ్మాయి ఆ పరీక్షలోనే ఆగిపోయింది. పరీక్షకుడు బయటి నుంచి వచ్చేవాడు కాబట్టి అదంతా ఇంగ్లిష్‌లో జరిగేది. ఎదురుగా కూర్చున్నది వేరే కుర్రాడు, ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడేవాడు. కష్టపడితే ఎవరైనా పైకి వస్తారన్నది అతని వాదం. అమ్మాయి చెప్పింది. అతను "కాదు" అన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ "కాదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు, నిజంగానే అది అతని మాట కాదు. మూడోసారి ఆ అమ్మాయి నోరు తెరవలేదు. తల వంచుకుని బయటకు వెళ్లిపోయింది. మర్నాటి నుంచి కాలేజీకి రాలేదు.

మేడమ్ నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. బోరబండ స్టేషన్ దగ్గర ఇరుకు సందులో ఒక కిరాయి గది. అమ్మాయి మాకు నీళ్లు ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"మీ పరీక్ష మంచిగ మాట్లాడొచ్చేటోళ్ల కోసం మేడమ్" అంది. "ఆయన మాట నాకు సమజైంది. ఇంగ్లిష్‌ల నోటికి రాలే. ఆయన కాదు అన్నప్పుడల్ల అందరు నన్నే చూసిన్రు."

మేడమ్ అలవాటు ప్రకారం ఆ మాటను తిరిగి చెప్పారు. "అంటే, మేం వినుడు పరీక్ష అని పేరు పెట్టి, మాట్లాడుడు పరీక్ష పెడుతున్నం. గదేనా?"

"గదే మేడమ్."

పద్ధతి ప్రకారం ఇప్పుడు మేడమ్ జవాబు చెప్పాలి. నేను ఆమె వైపు చూశాను. ఆమె గ్లాసు కింద పెట్టి, "నా దగ్గర జవాబు లేదు బిడ్డా. దొరికితే మళ్ల వస్త" అన్నారు.

ఆ ఏడాదే నిబంధనల మార్పు వచ్చిపడింది. మాది పాఠ్యప్రణాళిక సొంతంగా రాసుకునే అధికారం ఉన్న కాలేజీ. ఫిలాసఫీలో చేరేవాళ్లు తగ్గిపోతున్నారు, ఇలాగే ఉంటే శాఖ మూసేయాలి అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఒక కమిటీ వేశారు. అందులో మేడమ్, నేను, ప్రిన్సిపాల్ గారు, ఇంకో కాలేజీ ప్రొఫెసర్, పరిశ్రమ తరఫున ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తున్నాయన. ఆయన్ని మేం కంపెనీ సారు అనేవాళ్లం. ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేయాలి, కృత్రిమ మేధ మంచిచెడుల మీద ఒక పేపరు పెట్టాలి, సంవాద పరీక్ష తీసేయాలి. ఇవీ ఆయన ప్రతిపాదనలు. మొదటి రెండింటికీ మేడమ్ ఇట్టే ఒప్పుకున్నారు. మూడో దాని మీద మాట్లాడాలని లేచారు.

ఎలా మొదలుపెట్టి ఉంటారో మీరు ఊహించే ఉంటారు. ముందు ఎదుటివాళ్ల మాట చెప్పారు. ఈ పరీక్ష ఎందుకు ఉండకూడదో చెప్పారు. అది వినడాన్ని కొలుస్తానని నాలుకను కొలుస్తోందన్నారు. తెలుగులో చదువుకుని వచ్చిన పిల్ల తెలిసిన విషయం దగ్గరే మూగబోతోందన్నారు. ఏ కంపెనీ కూడా దీన్ని అడగదనీ, ఒక్క గంటలో నోరు పెగలనందుకు పిల్లల ఏడాది పోతోందనీ అన్నారు. అంత బాగా ఎవరూ చెప్పలేరు. బోరబండ గదిలో విన్నదంతా ఆ గొంతులో ఉంది. చివరికి కంపెనీ సారు వైపు తిరిగి, "గిదేనా సార్ మీ మాట?" అన్నారు.

"ఎగ్జాక్ట్‌లీ మేడమ్! నేను కూడా ఇంత బాగా చెప్పలేను" అన్నాడాయన.

మేడమ్ తన జవాబు మొదలుపెట్టే ముందు మంచినీళ్ల సీసా అందుకున్నారు. ఆ గుక్క నీళ్లే కొంప ముంచాయి. ప్రిన్సిపాల్ గారు, "మేడమే ఒప్పుకున్నాక ఇంకేముందండీ? ఏకగ్రీవం" అన్నారు. అందరూ బల్ల చరిచారు. భోజనాలు వచ్చేశాయన్నారు. కుర్చీలు లేచాయి. "అయ్యో, ఇంక గాలే సార్, నా మాట ఇంక చెప్పనే లే" అన్న మేడమ్ గొంతు ఆ సందడిలో ఎవరికీ పట్టలేదు. ప్రపంచంలో ఏ రాజకీయ నాయకుడూ ఇలా ఓడిపోడు. ఇది మా మేడమ్‌కే సాధ్యం.

నేను కుతకుతలాడిపోయాను. "మోసమండీ ఇది! రాసి ఇద్దాం, రద్దు చేయిద్దాం" అన్నాను. ఆమె పెరుగన్నం కలుపుకుంటూ మొదట పొట్ట పట్టుకుని నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగింది. "మోసమేంది తమ్మీ. నేను చెప్పింది విన్నరు, నమ్మిన్రు. విన్నందుకు కోపం జేస్తరా ఎవలన్న?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "అసలు ఫికర్ అది గాదు. చెప్పుకుంట చెప్పుకుంట నేను గూడ నమ్మిన" అన్నారు.

అప్పుడు నాకు భయం వేసింది. ఆ పరీక్షను ఆమే వదిలేస్తారేమోనని. ఆ తర్వాత చాలా రోజులు ఆమె స్టాఫ్ రూములో కిటికీ దగ్గర సాసర్లో టీ పోసుకుని, చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్లి, ఆ విషయం మీద ఇంకోసారి కూర్చోవాలని అడిగారు. ఎందుకని ఆయన అడిగితే ఏం చెప్పారో తెలుసా? "నేను సగమే చెప్పిన సార్. తప్పు నాదే, మధ్యల నీళ్లు తాగిన" అన్నారు. ఆయనకు నవ్వొచ్చి, సరే అన్నారు.

రెండో సమావేశంలో ఆమె వాదించలేదు. కంపెనీ సారును, "పోయినసారి మీ మాట నేను చెప్పిన. ఈసారి నా మాట జర మీరు చెప్పుండ్రి" అని అడిగారు.

ఆయన నవ్వుతూ మొదలుపెట్టాడు. "మీరేమంటారంటే మేడమ్, ఇది మన సంప్రదాయం, కాబట్టి ఉంచాలి అంటారు."

"గాదు సార్."

"అయితే... పిల్లలకి కమ్యూనికేషన్ స్కిల్స్ వస్తాయంటారు."

"అది అసలే గాదు."

ఆయన నవ్వు ఆపేశాడు. "మా ఆఫీసులో రెండు టీములు నెలల తరబడి కొట్టుకున్నాయండి" అన్నాడు. "చివరికి చూస్తే ఇద్దరూ అడిగేది ఒక్కటే. ఎవరూ అనని మాటకి అందరూ జవాబులు రాసుకుంటూ కూర్చున్నారు. మెయిల్ మీద మెయిల్. ఎదుటి మనిషి మాటని కాగితం మీద మనం ఎలా రాసినా అది 'కాదు' అని ఎదురు చెప్పదు. మనిషి చెబుతాడు. అందుకని మనిషి ఎదురుగా ఉండాలి. అదేనా అండి మీరనేది?"

"గదే సార్" అన్నారు మేడమ్. ఆమె మొహం వెలిగిపోయింది. ఆమెను అంత సంతోషంగా నేను మరెన్నడూ చూడలేదు.

"ఇప్పుడు నేను కాదనొచ్చా?" అని అడిగాడాయన. అనొచ్చు అన్నారు. "మరి నోరు పెగలని పిల్ల సంగతేంటండి?"

"ఆ మాట మీరే గెలిచిన్రు" అన్నారు మేడమ్ వెంటనే. "దాన్ని ఎట్ల సరి జెయ్యాల్నో చెప్పుండ్రి, ఇద్దరం రాద్దాం."

అలా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కొత్త నిబంధన రాశారు. సంవాద పరీక్ష ఉంటుంది. ఏ భాషలోనైనా, ఏ యాసలోనైనా ఇవ్వచ్చు. ఎదురుగా ఎవరు ఉండాలో విద్యార్థే కోరుకోవచ్చు. మాట కుదరకపోతే ఇంటికి వెళ్లి మళ్లీ రావచ్చు, ఎన్నిసార్లయినా. ఎదుటి మనిషి "అవును" అనేదాకా ఎవరూ తప్పినట్టు కాదు. పాత నిబంధన వల్ల ఆగిపోయినవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆ ముక్క రాయించింది మేడమే.

మర్నాడే ఆమె బోరబండ వెళ్లారు. "జవాబు దొరికింది బిడ్డా, సగం నీదే" అన్నారట. అమ్మాయి తిరిగి వచ్చి పేరు నమోదు చేసుకుంది. పిల్ల తక్కువదేం కాదు. సంవాద పరీక్షను అందరికీ తప్పనిసరి చేయకూడదన్నదే తన వాదమంది. ఎదురుగా ఎవరుండాలని అడిగితే, మేడమ్ ఉండాలంది. ఆ సరికే మేడమ్ రిటైరై, గుండె జబ్బుతో దవాఖానలో ఉన్నారు. ఈ సంగతి చెబితే పడక మీదే లేచి కూర్చున్నారు. నాతో వచ్చిన ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "వస్త. నన్ను ఓడగొట్టాలె. గని ముందుగాల నా మాట సక్కగ చెప్పాలె" అన్నారు. దవాఖాన నుంచి ఇంటికి పంపించినప్పుడు, పరీక్ష నాటికి కోలుకుంటారనే అనుకున్నాం. పరీక్షకు పది రోజుల ముందే వెళ్లిపోయారు.

పరీక్ష వాయిదా వేద్దామా, ఎదురుగా ఇంకెవరినైనా పెట్టుకుంటావా అని అమ్మాయిని అడిగాం. "వద్దు సార్. మేడమ్ మాటనే చెప్త" అంది. మొన్న ఆ పరీక్ష జరిగింది. బయటి పరీక్షకుడు, నేను, చూడటానికి ప్రత్యేకంగా సెలవు పెట్టి వచ్చిన కంపెనీ సారు ఒక వైపు కూర్చున్నాం. మేడమ్ కూర్చోవలసిన చోటు ఖాళీగా ఉంది. అమ్మాయి దానికి ఎదురుగా నిలబడింది.

"మేడమ్ ఏమంటరంటే, పరీక్ష అందరికి ఉండాలె, ఎందుకంటే అందరం మాట్లాడుడు నేర్చుకోవాలె" అని ఆగింది. తలడ్డంగా ఊపింది. "కాదు. మేడమ్ గట్ల అనరు."

మళ్లీ మొదలుపెట్టింది. "అందరం వినుడు నేర్చుకోవాలె..." మళ్లీ ఆగింది. "గిది గూడ సగమే."

అమ్మాయి కాసేపు కళ్లు మూసుకుని తెరిచింది.

"ఇష్టమున్నోళ్లే ఇయ్యుండ్రి అంటే, ఇప్పటికే ఎదుటోని మాట వినేటోళ్లే ఈ పరీక్షకు వస్తరు. విననోళ్లు తప్పించుకుంటరు. వాళ్లు విననందుకు కష్టం నా లాంటోళ్లకే. నా మాట పడనోడు గూడ ఒక్కపారి నా ముంగట కూసోవాలె, నేను అవును అనేదాక నా మాట చెప్పాలె. అందుకే ఇది అందరికి తప్పనిసరి ఉండాలె. గిది మేడమ్ మాట."

ఇప్పుడు ఎదుటి మనిషి "అవును" అనాలి. ఆ తర్వాతే అమ్మాయి దాన్ని ఖండించాలి. నేను అనబోయాను, నోరు తెరిచాను కూడా. కానీ అది నేను అనగలిగే మాట కాదు. కంపెనీ సారు బల్ల వైపు చూస్తున్నాడు. చివరికి బయటి పరీక్షకుడే, "ఇక నీ మాట చెప్పమ్మా" అన్నారు.

"జర ఆగుత సార్" అంది ఆ అమ్మాయి. రెండు చేతులూ కట్టుకుని, తనకు ఎదురుగా ఎవరూ లేని ఆ చోటు వైపు చూస్తూ, అవునన్న మాట కోసం అలాగే నిలబడింది.